చక్కెర వేయకుండా ఓవెన్లో మసాలా పండ్లు: నావి నీళ్ళు నీళ్ళుగా ఎందుకొచ్చాయి?

ఓవెన్_కొత్త (శనివారం, రాత్రి 9:12)
అందరికీ నమస్తే. మా ఇంట్లో రాత్రి భోజనం అయ్యాక ఏదో ఒక తీపి పడాల్సిందే. ఈమధ్య మావారి రిపోర్టులు చూసి డాక్టరుగారు తీపి తగ్గించమన్నారు. సరే, పండ్లే మసాలా చల్లి ఓవెన్లో పెడదాం, మిగిలితే పొద్దున టిఫిన్‌కీ పనికొస్తాయని ఇవాళ మొదలుపెట్టాను.

ఆరు యాపిల్స్ తొక్క తీసి ముక్కలు కోశాను. లోతుగా ఉండే గాజు గిన్నెలో వేసి, మాడిపోతాయేమోనని అర కప్పు నీళ్ళు పోశాను. రెండు చెంచాల దాల్చినచెక్క పొడి చల్లి, పైన ఫాయిల్ బిగించి 150 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు పెట్టాను. తీసి చూస్తే ముక్కలు పాలిపోయి, గోధుమరంగు నీళ్ళలో తేలుతున్నాయి. దాల్చినచెక్క పొడి పైన తెట్టు కట్టింది. రుచి చప్పగా ఉంది. మావారు ఒక చెంచా తిని "జ్వరం వచ్చినప్పుడు పెట్టు" అన్నారు. ఎక్కడ తప్పు చేశాను?

మూడో_అల్మారా
మీరు బేక్ చేయలేదండీ, ఆవిరి మీద ఉడకబెట్టారు. నీళ్ళు తీసేయండి, ఫాయిల్ తీసేయండి, వేడి పెంచండి. అంతే.

లవంగం_మొగ్గ
పైన చెప్పింది నిజమే కానీ కొంచెం విడమర్చి చెబుతాను, నేనూ ఇదే గోతిలో పడి లేచినదాన్ని.

యాపిల్‌లో వందకి 85 వంతుల పైనే నీరు ఉంటుంది. బయట నుంచి చుక్క కూడా అక్కర్లేదు. వేడి తగలగానే లోపలి నీరు బయటికొస్తుంది. ఆ నీరు ఎగిరిపోవడానికి దారి ఉండాలి. లోతు గిన్నె, కిక్కిరిసిన ముక్కలు, పైన మూత... మూడూ కలిసి ఆవిరిని లోపలే బంధించాయి. నీళ్ళు ఉన్నంతసేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. రంగు తిరగాలంటే పండు పైభాగం ఆరి, అంతకంటే వేడెక్కాలి. పండులో ఉండే ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు తిరగడం మొదలుపెడుతుంది. మామూలు చక్కెరకైతే 160 దాకా వెళ్ళాలి. అందుకే పండుకి వేరే చక్కెర లేకపోయినా చక్కగా ఎర్రబడుతుంది, మనం అడ్డుపడకుండా ఉంటే చాలు.

వెడల్పాటి పళ్ళెంలో ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత చోటు వదలండి. ఓవెన్ ముందుగా వేడి చేసి 190 దగ్గర పెట్టండి. సగానికి కోసినవైతే 30 నిమిషాలు, ఎనిమిది చెక్కలుగా కోస్తే 20 నుంచి 25. తొక్క తీయకండి. ఆకారం నిలిపేది అదే, పీచు కూడా అక్కడ బాగా ఉంది.

గడియారం కంటే రసాన్ని చూడండి. పళ్ళెం అడుగున చిన్న చిన్న బుడగలు గబగబా వస్తుంటే అది ఇంకా నీళ్ళే. బుడగలు పెద్దవై, బద్ధకంగా లేచి టప్‌మని పేలుతుంటే పాకం అయినట్టు. అప్పుడు తీసేయాలి. ఇంకో ఐదు నిమిషాలు వదిలేస్తే అంచుల్లో నల్లగా అంటుకుని, గిన్నె తోమేవాళ్ళు మిమ్మల్ని తిడతారు.

నిద్రమబ్బు
గిన్నె తోమేది నేనే కాబట్టి బేకింగ్ పేపర్ పరుస్తాను. ఫాయిల్ వద్దు. పుల్లటి పండు, నిమ్మరసం తగిలితే అల్యూమినియం కొంచెం పండులోకి దిగుతుంది, ఒక్కోసారి లోహపు వాసన కూడా వస్తుంది.

ఓవెన్_కొత్త
లవంగం_మొగ్గ గారూ, బుడగల సంగతి భలే చెప్పారు, థాంక్స్! మరి దాల్చినచెక్క ఎందుకు తేలింది? పొడి పాతదా?

లవంగం_మొగ్గ
పాతదై ఉండదు. దాల్చినచెక్క పొడి నీళ్ళలో కరగదు, మీరు పోసిన నీళ్ళమీద తేలింది. దాని వాసన నూనెలో ఉంటుంది కాబట్టి కొవ్వులో బాగా దిగుతుంది. ఒక చెంచా వెన్నగానీ నూనెగానీ కరిగించి, అందులో మసాలా కలిపి, ఆ ముద్దని ముక్కలకి చేత్తో పట్టించండి. నాలుగు యాపిల్స్‌కి ఒక చెంచా వెన్న చాలు. రెండు చెంచాల దాల్చినచెక్క మాత్రం ఎక్కువే. అర చెంచాతో మొదలుపెట్టండి.

సగం_ఉడికిన
దాల్చినచెక్క ఎక్కువైతే ఏమవుతుందండీ? షుగర్‌కి మంచిదని మా బంధువొకాయన రోజూ పొద్దున చెంచాడు నోట్లో వేసుకుంటాడు.

లెక్కల_మాస్టారు
ఆయనకి కాస్త చెప్పండి. దాల్చినచెక్కలో రెండు రకాలు. ఎక్కువచోట్ల మామూలుగా దొరికేది కాసియా. చెక్క మందంగా, గట్టిగా, ఒకే పొరగా ఉండి రెండు అంచుల నుంచీ లోపలికి చుట్టుకుని ఉంటుంది. రెండోది సిలోన్ రకం: కాగితంలాంటి పల్చటి పొరలు ఒకదాంట్లో ఒకటి చుట్టుకుని ఉంటాయి, వేళ్ళతో నలిపితే పొడవుతుంది.

కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎక్కువైతే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. శరీర బరువు కిలోకి రోజుకి 0.1 మిల్లీగ్రాము వరకు ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ పరిమితి పెట్టింది. దాన్నిబట్టి 60 కిలోల మనిషి రోజూ తినదగ్గ కాసియా 2 గ్రాములని జర్మనీ ప్రభుత్వ సంస్థ బీఎఫ్ఆర్ లెక్క చెప్పింది. అంటే చెంచాడు కూడా కాదు. అప్పుడప్పుడు డిజర్ట్‌లో వేసుకుంటే కంగారు పడక్కర్లేదు. రోజూ తినేవాళ్ళయితే సిలోన్ రకానికి మారాలి, అందులో కూమరిన్ చాలా స్వల్పం. ఇక షుగర్‌కి మందు అనుకుని చెంచాలు మింగడం వేరే విషయం, అది డాక్టర్ని అడగాలి.

పెరటి_చిలక
మసాలాల గురించి నా ఘనకార్యం ఒకటి. మొదటిసారి లవంగాల పొడి చెంచాడు వేశాను, యాలకుల పొడి అనుకుని. తిన్నవాళ్ళందరికీ నాలుక మొద్దుబారింది. పంటినొప్పికి వాడే యూజినాల్ లవంగంలోదే అని తర్వాత తెలిసింది. మా అమ్మాయి "డిజర్టా, మత్తుమందా?" అంది. ఇప్పుడు లవంగం అంటే చిటికెలో సగమే.

లవంగం_మొగ్గ
నా పేరు పోగొట్టకండి అక్కా 😀

పెరటి_చిలక
జాజికాయ కూడా అంతే. కాయని తురుము పీట మీద నాలుగుసార్లు అటూ ఇటూ గీస్తే చాలు. ఎక్కువ మోతాదులో అది విషమే, వాంతులు, గుండెదడ వస్తాయి. యాలకులు మాత్రం ఓవెన్లోంచి తీశాక చల్లండి, ముందే వేస్తే ఆ సువాసన సగం వంటింట్లోనే తిరిగి పోతుంది. శొంఠి, అనాసపువ్వు, మిరియాలు వేడికి బాగా తట్టుకుంటాయి.

వంకర_గరిటె
అందరూ చక్కెర వద్దు చక్కెర వద్దు అంటున్నారు. తేనె వేసుకోవచ్చుగా? ప్రకృతి సిద్ధం, ఆరోగ్యం. నేను యాపిల్‌కి రెండు టేబుల్ స్పూన్లు పోస్తాను, బ్రహ్మాండంగా ఉంటుంది.

లెక్కల_మాస్టారు
బ్రహ్మాండంగా ఉండక ఏమవుతుంది! టేబుల్ స్పూన్ తేనె అంటే 21 గ్రాములు, అందులో 17 గ్రాముల చక్కెర. రెండు స్పూన్లకి 34. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో తేనె, సిరప్‌లు, పండ్ల రసాలు అన్నిటినీ చక్కెరతోనే కలిపి లెక్కపెట్టింది. రోజంతటి శక్తిలో వాటి వాటా పది శాతం లోపు ఉండాలి, ఐదు శాతానికి దించితే ఇంకా మంచిదని అందులో ఉంది. రోజుకి 2000 కేలరీలు తినేవాళ్ళకి ఐదు శాతమంటే 25 గ్రాములు. మీరు ఒక్క యాపిల్‌తోనే దాటేశారు. కొరికి తినే పండులోని చక్కెర మాత్రం ఈ లెక్కలోకి రాదు.

వంకర_గరిటె
మాస్టారూ, మీరు వస్తే ఎవరికీ ఆకలి మిగలదు.

మూడో_అల్మారా
వంట పరంగా కూడా తేనె ముందే పోయడం తప్పు. త్వరగా మాడుతుంది, చేదెక్కుతుంది. పోయాలనిపిస్తే తినేముందు అర చెంచా, ధారగా. పైన ఉంటే నాలుకకి ముందు అదే తగులుతుంది కాబట్టి తక్కువతో సరిపోతుంది. ఇంకోటి, ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు, బేక్ చేసినా సరే. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెప్పించే బీజాలు ఇంటి ఓవెన్ వేడికి చావవు.

ఓవెన్_కొత్త
మా చెల్లెలి పాపకి పదో నెల. మంచి మాట చెప్పారు, అసలు ఆలోచించలేదు.

చక్కెరా తేనే రెండూ లేకుండా తియ్యగా ఎలా ఉంటుందో మాత్రం నాకింకా నమ్మకం కుదరడం లేదు.

లవంగం_మొగ్గ
నీరు పోతే ఉన్న తీపే చిక్కబడుతుంది కదండీ. దానికి తోడు చిటికెడు ఉప్పు వేయండి, తీపి ఎత్తి చూపిస్తుంది. వెనిలా, దాల్చినచెక్క వాసన తగిలితేనే మనసు తీపి అనుకుంటుంది, చిన్నప్పటి నుంచి ఆ వాసనలు తీపితోనే ముడిపడ్డాయి మరి. ఇంకో విషయం, గోరువెచ్చగా తినండి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పండు అదే అయినా తీపి తక్కువ అనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు
చిక్కబడటం గురించి మీవారి కోసం ఒక మాట. 600 గ్రాముల యాపిల్ ముక్కల్లో సుమారు 62 గ్రాముల చక్కెర ఉంటుంది. బేక్ అయ్యాక బరువు 450కి తగ్గిందనుకోండి, చక్కెర మాత్రం అదే 62. అంటే వంద గ్రాములకి పది చిల్లర ఉన్నది దాదాపు పద్నాలుగు అవుతుంది. తీపి కలపలేదు కదా అని గిన్నెడు లాగించేస్తే లాభం లేదు. మధ్యరకం యాపిల్ ఒకటి, ఒకరికి. పచ్చిగా తింటే ఎన్ని తింటారో అన్నే తినాలి, ముక్కలు ముడుచుకుని చిన్నవయ్యాయని రెండోసారి వడ్డించుకోకూడదు. పక్కన చక్కెర కలపని పెరుగు, నాలుగు వాల్‌నట్స్ పెట్టుకుంటే కడుపు నిండుతుంది, రక్తంలో షుగర్ కూడా కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. విటమిన్ సి కొంత వేడికి పోతుంది, పీచు, పొటాషియం ఎక్కడికీ పోవు.

సగం_ఉడికిన
ఓవెన్ లేనివాళ్ళ సంగతి ఏమిటి? నాకున్నది ఎయిర్ ఫ్రయర్, ఒక మైక్రోవేవ్.

నిద్రమబ్బు
ఎయిర్ ఫ్రయర్‌లో 170 దగ్గర 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలపాలి. ఫ్యాన్ గాలికి పల్చటి ముక్కలు ఎండి తోలులా అవుతాయి, లావుగా కోయండి. మైక్రోవేవ్‌లో యాపిల్ మూడు నాలుగు నిమిషాల్లో మెత్తబడుతుంది కానీ రంగు రాదు. రెండూ లేకపోతే మందపాటి పెనం. కొంచెం వెన్న రాసి, కోసిన వైపు కిందికి పెట్టి, సన్న మంట మీద కదపకుండా పది నిమిషాలు వదిలేయాలి. కదపకపోవడమే కష్టం, చెయ్యి ఊరుకోదు.

పెరటి_చిలక
యాపిల్ ఒక్కటే పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు? అనాసపండు చేసి చూడండి! వేలెడు మందం చక్రాలు, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు, 200 దగ్గర 20 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. అంచులు ముదురు బంగారు రంగుకి వస్తాయి.

పచ్చి అనాస పెరుగులో కలిపి ఉంచితే చేదెక్కుతుంది గమనించారా? అందులోని బ్రోమిలేన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ని విరిచేస్తుంది. ఎక్కువ తింటే నాలుక మంట పుట్టేది కూడా దానివల్లే. వేడి చేస్తే ఆ ఎంజైమ్ పనిచేయదు. అందుకే బేక్ చేసిన అనాసని రాత్రే పెరుగులో వేసి పొద్దున తిన్నా చేదు రాదు. మా ఇంట్లో వారానికి రెండు రోజులు అదే టిఫిన్.

వంకర_గరిటె
అరటిపండు? నేను చేస్తే పేస్టు అయింది.

పెరటి_చిలక
బాగా మగ్గింది పెట్టి ఉంటారు. తొక్క మీద ఇంకా మచ్చలు రానిది తీసుకోండి. తొక్కతోనే నిలువుగా చీల్చి, కోసిన వైపు పైకి, 190 దగ్గర 15 నిమిషాలు. తొక్కే దానికి గిన్నె. చెంచాతో తీసుకు తినడమే.

ప్లమ్, పీచ్ లాంటివి గింజ తీసి సగాలుగా 20 నుంచి 25 నిమిషాలు. వాటికి అనాసపువ్వు బాగా కుదురుతుంది.

మూడో_అల్మారా
గ్రేప్‌ఫ్రూట్ కూడా దాల్చినచెక్క చల్లి పైమంట కింద ఐదు నిమిషాలు పెడితే బాగుంటుంది. కానీ కొలెస్ట్రాల్‌కి వాడే కొన్ని స్టాటిన్లు, మరికొన్ని మందులు వేసుకునేవాళ్ళు అది తినకూడదు, మందు ఒంట్లో మోతాదుకి మించి పేరుకుంటుంది. వేడి చేసినంత మాత్రాన ఆ గొడవ పోదు. మీవారి మందుల చీటీ ఒకసారి డాక్టరుకి చూపించి అడగండి.

ఓవెన్_కొత్త
ఆయన స్టాటిన్ వేసుకుంటారు! అయితే గ్రేప్‌ఫ్రూట్ మా ఇంటి గడప తొక్కదు.

రేపు మళ్ళీ యాపిల్స్‌తోనే చేస్తాను, ఓడిపోయిన చోటే గెలవాలి. ఏ రకం కొనాలి?

నిద్రమబ్బు
గ్రానీ స్మిత్ పుల్లగా ఉంటుంది, ఆకారం బాగా నిలుస్తుంది. ఫ్యూజీ తియ్యగా ఉండి అదీ నిలుస్తుంది. రెండూ సగం సగం కలిపితే నా మటుకు నాకు అదే స్వర్గం. రెడ్ డెలిషియస్ పచ్చిగా తినడానికే, వేడి తగిలితే పిండిపిండిగా అవుతుంది. మెకింటాష్ అయితే కరిగి గుజ్జవుతుంది, గుజ్జే కావాలంటే అదే వేయండి. కోసిన ముక్కలకి నిమ్మరసం పట్టించండి, నల్లబడవు. పులుపు తగిలితే ముక్క అంత త్వరగా చితికిపోదు కూడా.

సగం_ఉడికిన
కిస్మిస్ వేయొచ్చా?

నిద్రమబ్బు
వేయొచ్చు, పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, ముక్కల కిందికి తోయండి. పైన ఉంటే ఉబ్బి, మాడి, మిరియాల గింజల్లా గట్టిపడతాయి. గుప్పెడు కాదు, ఏడెనిమిది. వాటిలో సగం పైన చక్కెరే.

ఓవెన్_కొత్త (ఆదివారం, రాత్రి 10:05)
చేశాను! మూడు గ్రానీ స్మిత్, మూడు ఫ్యూజీ. తొక్కతో ఎనిమిదేసి చెక్కలు. వెన్న చెంచాన్నర, దాల్చినచెక్క ముప్పావు చెంచా, శొంఠి చిటికెడు, ఉప్పు చిటికెడు, నిమ్మరసం. రెండు ట్రేలలో పరిచి 190 దగ్గర పెట్టాను. పదిహేనో నిమిషం దాకా ఏమీ జరగడం లేదని టెన్షన్ పడ్డాను. ఇరవై దాటాక వంటిల్లంతా వాసన. ఇరవై ఆరుకి బుడగలు పెద్దవయ్యాయి, తీసేశాను. అంచులు కొంచెం ముడుచుకుని, మధ్యలో కత్తి మొన పెడితే వెన్నలోకి దిగినట్టు దిగింది. పళ్ళెంలో రసం చెంచాకి అంటుకునేంత చిక్కగా ఉంది. యాలకుల పొడి దించాకే చల్లాను.

మావారు తిని "చక్కెర ఎంత వేశావు?" అని కోప్పడ్డారు. వేయలేదంటే నమ్మలేదు, డబ్బా తెచ్చి చూపించాల్సొచ్చింది.

ఒక పొరపాటు కూడా జరిగింది. సరదాకి ఏడో యాపిల్ కోయకుండా, గింజలున్న మధ్యభాగం తొలిచి పెట్టాను. అది ఓవెన్లోనే ఒక పక్కకి పగిలి, గుజ్జు గోడకి కొట్టింది.

మూడో_అల్మారా
నిండు యాపిల్‌కి నడుం చుట్టూ కత్తితో సన్నగా ఒక గాటు పెట్టాలి. లోపలి ఆవిరి ఆ గాట్లోంచి పోతుంది, తొక్క ఇష్టమొచ్చిన చోట పగలదు. 180 దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. నిన్న మీరు గాజు గిన్నె అన్నారు, దాన్ని వేడివేడిగా తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టకండి, బీటలిస్తుంది.

ఓవెన్_కొత్త
పొద్దున్నే లేచి డబ్బా తీస్తే అడుగున రసం జెల్లీలా పేరుకుని ఉంటే బాగుండు, ఓట్స్ మీదకి. ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?

లవంగం_మొగ్గ
యాపిల్ రసంలో జెల్లీలా గట్టిపడేలా చేసే పెక్టిన్ ఉంటుంది కాబట్టి చిక్కగా తగ్గినదైతే ఫ్రిజ్‌లో నిజంగానే పేరుకుంటుంది. చల్లారగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు గంటలకి మించి బయట ఉంచొద్దు. మూడు నాలుగు రోజులు బాగుంటుంది. ఓట్స్‌ని మాత్రం విడిగా వండుకుని, తినేముందు కలపండి. రాత్రే కలిపితే రసమంతా ఓట్స్ తాగేసి పొద్దున్నకి పండు బిక్కమొహం వేస్తుంది.

ఓవెన్_కొత్త
వచ్చేవారం పియర్స్ చేద్దామనుకుంటున్నా. మెత్తగా పండినవి తేవాలా?

పెరటి_చిలక
అస్సలు వద్దు. కాడ దగ్గర బొటనవేలితో నొక్కితే కొంచెం లొంగాలి, మిగతా ఒళ్ళంతా గట్టిగా ఉండాలి. శొంఠి కాస్త ఎక్కువ వేయండి, లవంగం జోలికి మాత్రం పోకండి.